పాత జీపుకి ఆయిల్ కారుతోందా? ముందు బ్రీదర్ చూడండి

(పాత వాహనాల యజమానులు, మెకానిక్కులు కలుసుకున్న ఒక సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, షెడ్ల నుంచి పని ఆపుకొని వచ్చిన తమ్ముళ్ళకు నమస్కారం.

ఇవాళ పెట్రోలు జీపు గురించి మాట్లాడతాను. జీపు మొత్తం గురించి కాదు. ఇంజన్ లోపల పేరుకునే గ్యాసు పోవడానికి దాని మీద ఉండాల్సిన ఒక చిన్న వాల్వు, రెండు గొట్టాల గురించి. ఈ ఏర్పాటునే బ్రీదర్ అంటాం. ఉండాల్సిన అని ఎందుకన్నానంటే, నేను చూసే జీపుల్లో సగానికి పైగా వాటికి ఆ వాల్వు ఉండదు. ఎవరో ఎప్పుడో తీసి పారేసి ఉంటారు.

మన దేశంలో మహీంద్రా వాళ్ళు 1940ల చివర్లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. తర్వాత సీజే త్రీబీ వచ్చింది. సమితి ఆఫీసుల ముందు, ఏజెన్సీ ఘాట్ రోడ్ల మీద మన చిన్నప్పుడు చూసిన జీపు అదే. బానెట్ ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టొచ్చు. లోపలున్న హరికేన్ ఇంజన్ పొడుగు కాబట్టి బానెట్ అంత ఎత్తు పెట్టాల్సొచ్చింది. 2,199 సీసీ, నాలుగు సిలిండర్లు. ఇన్‌లెట్ వాల్వులు హెడ్‌లో ఉంటాయి, ఎగ్జాస్టు వాల్వులు బ్లాకులో ఉంటాయి. ఇన్‌లెట్ మేనిఫోల్డు, అంటే కార్బొరేటర్ నుంచి సిలిండర్లకి మిశ్రమం వెళ్ళే దారి, అది కూడా హెడ్‌తో కలిపే పోత పోశారు. కార్బొరేటర్ నేరుగా హెడ్ మీదే కూర్చుంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, పనికొస్తుంది.

ఈ జీపులు తెచ్చేవాళ్ళు ముందు చెప్పే మాట ఆయిల్ కారుతోందని. ట్యాపెట్ కవర్ దగ్గర తడి, చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) ప్యాకింగ్ దగ్గర తడి, వెనక క్లచ్ ఉండే బెల్ హౌసింగ్ కింద చుక్కలు. మామూలుగా ఏం జరుగుతుంది? ప్యాకింగులు మారుస్తారు, గమ్ము పట్టిస్తారు. ఆగకపోతే వెనక సీలు అంటారు. ఆ సీలు కోసం ఇంజన్ దింపి క్రాంకు దాకా వెళ్ళాలి. ఒక రైతు జీపు నాకు బాగా గుర్తు. వేరే ఊళ్ళో సీలు వేయించుకున్నాడు, నెల తిరక్కుండా మళ్ళీ చుక్కలు. క్లచ్ ప్లేటు కూడా ఆయిల్ తాగి జారిపోవడం మొదలైంది. బానెట్ ఎత్తి చూస్తే, హెడ్ మీద వాల్వు ఉండాల్సిన చోట బోల్టు కొట్టి ఉంది. ట్యాపెట్ కవర్ గొట్టానికి చెక్క బిరడా ఉంది. సీలు వేసినవాడు పని తెలిసినవాడే, సీలు సరిగ్గానే కూర్చుంది. ఇంజన్ లోపల ప్రెషర్ అట్లాగే ఉంటే కొత్త సీలు మాత్రం ఏం చేస్తుంది?

కుక్కర్‌లో వెయిట్ దగ్గర రంధ్రం మూసుకుపోతే ఆవిరి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ, గాస్కెట్ పక్క నుంచి తోసుకొస్తుంది. ఇంజన్‌లో జరిగేదీ అదే.

ఆ ప్రెషర్ ఎక్కడిది అన్నది ముందు తెలుసుకుందాం. పిస్టన్ రింగు పూర్తి చక్రం కాదు. దాని చివర్ల మధ్య సన్నటి సందు ఉంటుంది, వేడికి వ్యాకోచించడానికి అది ఉండి తీరాలి. సిలిండర్‌లో మిశ్రమం నొక్కుకునేటప్పుడు, మండేటప్పుడు కొంత గ్యాసు ఆ సందుల్లోంచి కిందికి, క్రాంకు తిరిగే గదిలోకి దిగుతుంది. మన షెడ్లలో దీన్ని బ్యాక్ కంప్రెషన్ అంటాం. ఫ్యాక్టరీ నుంచి నిన్న దిగిన ఇంజన్‌లో కూడా ఇది ఉంటుంది. రింగులు అరిగితే ఎక్కువవుతుంది, అంతే తేడా.

కొందరు పిస్టన్లు కిందికి దిగేటప్పుడు గాలిని నొక్కుతాయి, అందుకే ప్రెషర్ అంటారు. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో రెండు దిగుతుంటే రెండు ఎక్కుతుంటాయి. కింద మొత్తం ఖాళీ పెద్దగా మారదు. కాబట్టి అసలు కారణం రింగులు దాటి వచ్చే గ్యాసే.

ఆ గ్యాసులో ఏముంది? ఎక్కువ భాగం కాలని పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం. మిగిలింది కాలిన పొగ, నీటి ఆవిరి. ఇక్కడ ఒక లెక్క చెబుతాను, నమ్మబుద్ధి కాదు కానీ నిజం. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా కాలితే దాదాపు ఒక లీటరు నీరు తయారవుతుంది. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిస్తే వచ్చేది నీరే కదా. దాదాపు అంతా సైలెన్సర్ గుండా ఆవిరిగా పోతుంది. కొద్దిపాటి మాత్రం రింగులు దాటి కిందికి వస్తుంది. ఆ కొద్దిదే బయటికి పోయే దారి లేక ఆయిల్‌లో కలిస్తే ఆయిల్ మూత కింద తెల్లటి వెన్నలాంటి ముద్ద పేరుకుంటుంది. చూసినవాళ్ళు హెడ్ గాస్కెట్ పోయిందని హడలిపోతారు. గాస్కెట్ పోయినా ఇలాగే కనిపిస్తుంది, నిజమే. కానీ రేడియేటర్‌లో నీళ్ళు తగ్గకుండా ఉంటే ముందు అనుమానించాల్సింది బ్రీదర్‌నే. పెట్రోలు ఆవిరి కలిసి ఆయిల్ పల్చబడుతుంది. నీరు, పొగలోని గంధకం కలిస్తే ఆమ్లం తయారై బేరింగుల్ని తింటుంది. నల్లటి బంక చాంబర్ అడుగున పడుతుంది. ఆయిల్ కారడం మనకి కంటికి కనిపిస్తుంది కాబట్టి బాధపడతాం. ఈ లోపలి నష్టం అంతకంటే పెద్దది.

ఇప్పుడు కొంచెం పాత కథ. 1950ల నాటి కార్లలో చాలావాటికి ఈ గ్యాసు పోవడానికి ఒక ఇనుప గొట్టం ఉండేది. ఇంజన్ పక్క నుంచి రోడ్డు వైపు వేలాడుతుంది. కొస ఏటవాలుగా కోసి ఉంటుంది. బండి పరిగెత్తుతుంటే కింద పోయే గాలి ఆ కొస దగ్గర కొంచెం పీలుడు పుట్టించి, లోపలి గ్యాసుని లాగుతుంది. బండి సుమారు 40 కిలోమీటర్ల వేగం అందుకుంటే గాని అది సరిగ్గా పని చేయదు. సిగ్నల్ దగ్గర ఆగితే ఇక అంతే. పైగా గ్యాసంతా ఊరి గాలిలోకి.

మిలటరీ వాహనాలకి ఆ పద్ధతి కుదరదు. వాగులు దాటాలి. గొట్టం కిందికి వేలాడితే నీళ్ళు పైకెక్కుతాయి. అందుకని రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ ఎంబీ జీపులోనే ఇంజన్ లోపలి గ్యాసుని మేనిఫోల్డు పీలుడుతో మళ్ళీ సిలిండర్లలోకే లాగి కాల్చేసే వాల్వు పెట్టారు. యుద్ధం అయిపోయిన చాలా ఏళ్ళ వరకూ ఖరీదైన కార్లకి కూడా లేని ఏర్పాటు ఆ సాదాసీదా జీపుకి ఉంది. ఆ వారసత్వమే మన జీపులదీ. అందుకే దాన్ని పీకి పారేస్తే నాకు అంత బాధ.

కార్లకి అది ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. లాస్ ఏంజెలెస్‌లో కళ్ళు మండించే పొగమంచు కమ్మేది. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ విద్యాసంస్థలో పనిచేసే ఏరీ హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త, అప్పటిదాకా అనాసపండు వాసనలో ఏముందో పరిశోధిస్తున్న మనిషి, ఆ పొగమంచు మీదికి దృష్టి మళ్ళించారు. కాలని పెట్రోలు ఆవిర్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండ తగిలి ఇలా మారుతున్నాయని 1950ల మొదట్లో తేల్చారు. కారు నుంచి వచ్చే కాలని ఆవిర్లలో సుమారు ఐదో వంతు సైలెన్సర్ నుంచి కాకుండా ఈ బ్రీదర్ గొట్టం నుంచే వస్తోందని తర్వాత లెక్క తేలింది. 1961 మోడళ్ళ నుంచి కాలిఫోర్నియాలో అమ్మే కార్లకి, 1963 నుంచి అమెరికా అంతటా ఈ వాల్వు పెట్టారు. కాలుష్యం తగ్గించడానికి కారుకి తగిలించిన మొట్టమొదటి పరికరం ఇదే. కాలుష్య నియంత్రణ పరికరాలు రాకుండా కంపెనీలు కూడబలుక్కొని ఆలస్యం చేశాయని 1969 జనవరిలో అమెరికా న్యాయశాఖ దావా కూడా వేసింది. ఆ ఏడాదే అది రాజీ డిక్రీతో ముగిసింది.

సరే, మన జీపు దగ్గరికొద్దాం. గాలి ఏ దారిన పోతుందో ముందు మనసులో గీసుకోండి. ఎయిర్ క్లీనర్ నుంచి ఒక గొట్టం ఆయిల్ పోసే గొట్టానికి వస్తుంది. శుభ్రమైన గాలి దాని గుండా క్రాంకు గదిలోకి దిగి, అక్కడి ఆవిర్లని కలుపుకొని, కవర్ దగ్గర ఉన్న రెండో గొట్టం గుండా వాల్వుకి, అక్కడి నుంచి ఇన్‌లెట్ దారిలోకి వెళ్తుంది. మోడల్‌ని బట్టి ఆ గొట్టం పై కవర్ నుంచో పక్క కవర్ నుంచో బయలుదేరుతుంది.

వాల్వు లోపల ఉన్నది ఒక ప్లంజరు, ఒక స్ప్రింగు. ఇంజన్ స్లోలో, అంటే ఎక్స్‌లేటర్ తొక్కకుండా ఊరికే తిరుగుతున్నప్పుడు మేనిఫోల్డు వ్యాక్యూం, అదే పీలుడు, బలంగా, 17 నుంచి 20 అంగుళాల పాదరసం దాకా ఉంటుంది. అది ప్లంజరుని లాగి దారిని సన్నం చేస్తుంది. స్లోలో గ్యాసు తక్కువే కాబట్టి ఆ సన్న దారి చాలు. ఎక్స్‌లేటర్ తొక్కితే వ్యాక్యూం పడిపోతుంది, స్ప్రింగు ప్లంజరుని వెనక్కి తోసి దారి పెద్దది చేస్తుంది. పూర్తిగా తొక్కి ఘాట్ ఎక్కేటప్పుడు వ్యాక్యూం దాదాపు ఉండదు. అప్పుడు ఎక్కువైన గ్యాసు మొదటి గొట్టంలోనే ఎదురొచ్చి ఎయిర్ క్లీనర్‌లోకి పోతుంది, అక్కడి నుంచి కార్బొరేటర్ లాక్కుంటుంది. కార్బొరేటర్ బ్యాక్‌ఫైర్ కొడితే, అంటే మంట వెనక్కి తన్నితే, ప్లంజరు అటు వైపు సీటు మీద కూర్చుని మంట క్రాంకు గదిలోకి పోకుండా ఆపుతుంది. బ్యాటరీ లేదు, వైరు లేదు. ఇంత పని ఒక చిన్న స్ప్రింగు చేస్తోంది.

ఇక పని మొదలుపెడదాం. ముందు కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్‌లో నొక్కుడు ప్రెషర్ ఎంతుందో గేజుతో చూడండి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా 10 పౌండ్లకు మించకూడదు. ఒక సిలిండరు బాగా పడిపోయి, ప్లగ్గు రంధ్రంలో కొంచెం ఆయిల్ పోసి చూస్తే మళ్ళీ పెరిగిందంటే రింగులు పోయాయి. అప్పుడు ఈ వాల్వు ఆ పని మోయలేదు. బోరు చేయించి రింగులు వేశాకే దీని సంగతి. కంప్రెషన్ సమంగా ఉన్న ఇంజన్‌కి మాత్రం ఈ పని చేస్తే ఫలితం కనిపిస్తుంది.

వాల్వు విప్పండి. జీపుకి వచ్చిన పాత రకం వాల్వు రెండు ముక్కలుగా మర తిప్పి ఊడదీయడానికి వీలుగా ఉంటుంది. బిగిసిపోయి ఉంటే వైస్‌లో పెట్టి బలవంతం చేయకండి, ఒక రాత్రి కిరసనాయిల్లో నాననివ్వండి. ప్లంజరు, స్ప్రింగు ఏ వైపు తిరిగి ఉన్నాయో విప్పేటప్పుడే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తిరగేసి బిగిస్తే పని మొత్తం తలకిందులవుతుంది. కార్బొరేటర్ క్లీనర్‌తో నల్లటి మసి పోయేదాకా కడగండి. సన్న రంధ్రాన్ని ఇనుప తీగతో గీకి పెద్దది చేయకండి. ఆ రంధ్రం కొలతే ఆ వాల్వు విలువ. స్ప్రింగు సాగిపోయిందనిపిస్తే సాగదీసి, తుంచి సరిచేయొద్దు. కొత్త వాల్వు వెతకండి. విజయవాడ ఆటోనగర్‌లో, హైదరాబాద్ రాణిగంజ్‌లో అడిగితే దొరకొచ్చు. లేకపోతే ఢిల్లీ కశ్మీరీ గేటు నుంచి తెప్పించుకోండి. వేరే కారు వాల్వు వాడక తప్పకపోతే, సుమారు రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్‌ది తీసుకోండి. పెద్ద వీ8 ఇంజన్‌ది పెడితే స్లోలో గాలి ఎక్కువైపోయి ఇంజన్ ఎగిరెగిరి పడుతుంది.

వాల్వు కడిగి ఊరుకుంటే పని సగమే. అది బిగించే మోచేతి గొట్టం లోపల, హెడ్‌లో దాని రంధ్రం లోపల బొగ్గులాంటి పొర గట్టిపడి ఉంటుంది. మేనిఫోల్డు హెడ్‌తో కలిసే ఉంటుందని చెప్పాను కదా, విప్పి బయట కడిగే వీలు లేదు. డ్రిల్ బిట్టుకి దట్టంగా గ్రీజు పూసి, మిషను లేకుండా చేత్తోనే మెల్లగా తిప్పండి. రాలిన పొట్టు గ్రీజుకి అంటుకొని బయటికి వస్తుంది. ఇక్కడ ఓపిక పట్టండి, లోపల పడ్డ ఒక్క ముక్క ఇన్‌లెట్ వాల్వు కింద చిక్కుకుంటే చాలు.

కవర్ లోపల గొట్టం మొదలయ్యే చోట ఒక రేకు అడ్డం ఉంటుంది. ఎగిరే ఆయిల్ తుంపరని అది ఆపుతుంది. కవర్ కడిగేటప్పుడు దాని వెనక దాగిన బంకని కూడా తీయండి. ఆ రేకు ఊడిపోయి ఉంటే వాల్వు ఆయిల్‌ని కూడా లాగేస్తుంది. ప్లగ్గులు తడుస్తాయి, నీలం పొగ తోలుతుంది. అప్పుడే మెకానిక్ వాల్వుని తిట్టి తీసి పారేస్తాడు. చాలా జీపుల్లో అది మాయమైంది ఇలాగేనని నా నమ్మకం.

గొట్టాల దగ్గర మనవాళ్ళు చేసేది చూస్తే టెన్షన్ వస్తుంది. కూలర్ పైపు, గ్లూకోజ్ పైపు, రేడియేటర్ హీటరు గొట్టం, ఏది దొరికితే అది. నీళ్ళ కోసం చేసిన రబ్బరు ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. వ్యాక్యూంకి లోపలికి ముడుచుకుపోయి దారి మూసేస్తుంది, బయటికి బాగానే కనిపిస్తుంది. ఆయిల్, పెట్రోలు తట్టుకునే నైట్రైల్ గొట్టం అడిగి తీసుకోండి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది, పాత రబ్బరు ఇంకా త్వరగా పోతుంది. ఎయిర్ క్లీనర్ వైపు గొట్టం మాత్రం లేకుండా జీపు నడపకండి. అది లేకపోతే వాల్వు ఆయిల్ పోసే చోటు నుంచి నేరుగా దుమ్ము లాగుతుంది. మన మట్టి రోడ్ల దుమ్ము బేరింగుల్లోకి వెళ్తే దానికంటే బ్రీదర్ మూసి ఉంచడమే నయమనిపిస్తుంది. ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్‌లో ఆయిల్ గీత దాకా ఉందో లేదో అప్పుడే చూసుకోండి.

జీపులో ఆయిల్ పోసే గొట్టం మూతకే డిప్ స్టిక్ ఉంటుంది. ఆ మూత కింద వాషర్ ఎండి పగిలి ఉంటే పనంతా వృథా. అది మార్చండి.

వాల్వు ఆగిపోయి ఏళ్ళు గడిచిన ఇంజన్ అయితే చాంబర్ కూడా విప్పండి. ఈ ఇంజన్‌లో ఆయిల్ లాగే జల్లెడ ఆయిల్ మీద తేలుతూ ఉంటుంది. దాన్ని కిరసనాయిల్లో కడగాలి. అది చేయకుండా మంచి డిటర్జెంట్ ఆయిల్, అంటే మురికిని కరిగించే ఇంజన్ ఆయిల్ పోసి నడిపితే, పాత బంక కరిగి ఊడొచ్చి జల్లెడకే అడ్డం పడొచ్చు. ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. బాగుచేసిన ఇంజన్ అలా పోతే చూడలేం.

అన్నీ బిగించాక ఇంజన్ పూర్తిగా వేడెక్కనివ్వండి. స్లోలో ఉంచి, ఎయిర్ క్లీనర్ దగ్గర మొదటి గొట్టం ఊడదీసి, ఆ కొసకి పల్చటి కాగితం ముక్క పట్టండి. మెల్లగా లాక్కోవాలి. కాగితాన్ని బయటికి తోస్తోందంటే దారి ఎక్కడో మూసుకుంది, లేదా రింగుల సంగతి మళ్ళీ చూడాలి. కొందరు అగరుబత్తి పొగతో చూస్తారు. అది మాత్రం వద్దు. ఆ గొట్టంలో ఉన్నది పెట్రోలు ఆవిరి, దాని దగ్గర నిప్పు పెట్టకూడదు. తర్వాత వాల్వు వైపు గొట్టాన్ని వేళ్ళతో నొక్కండి. వాల్వు టిక్కుమనాలి, ఇంజన్ స్పీడు కొంచెం తగ్గాలి. ఏ మార్పూ లేకపోతే వాల్వు పని చేయడం లేదు. చివరగా స్లో స్క్రూ, మిక్స్చర్ స్క్రూ మళ్ళీ సరిచేయండి. వాల్వు గుండా ఇప్పుడు కొత్తగా గాలి వస్తోంది కదా, పాత సెట్టింగుతో స్లో నిలబడదు. ఇది చేయక, వాల్వు పెట్టాక మిస్సింగ్ వస్తోందని మళ్ళీ బోల్టు కొట్టించినవాళ్ళున్నారు.

ఇంకొకటి, థర్మోస్టాట్. ఇంజన్ వేడెక్కేదాకా రేడియేటర్‌కి నీళ్ళు పోకుండా ఆపేది అదే. మన ఎండలకి అవసరం లేదని తీసేయడం మన షెడ్లలో ఆచారమైపోయింది. ఇంజన్ హీటెక్కేది రేడియేటర్ మూసుకుపోయి. థర్మోస్టాట్ తీస్తే కొన్నాళ్ళు కప్పిపుచ్చుకుంటాం, అంతే. ఇంజన్ చల్లగా నడిస్తే ఆయిల్‌లోని నీరు ఆవిరి కాదు. ఆవిరి కాని నీటిని ఏ వాల్వూ లాగలేదు. రేడియేటర్ గొట్టాల్లో కడ్డీలు దూర్చి శుభ్రం చేసే రాడ్డింగ్ చేయించండి, థర్మోస్టాట్ తిరిగి పెట్టండి. కోస్తాలో వర్షాకాలంలో పక్క వీధికి వెళ్ళొచ్చే జీపులకి ఇది మరీ ముఖ్యం. వారానికోసారైనా అరగంట ఆగకుండా తోలండి.

(సభలోంచి ప్రశ్న: మా జీపుకి ప్యూజో డీజిల్ ఇంజన్ ఎక్కించామండి. దానికీ ఈ వాల్వు పెట్టుకోవచ్చా?)

వద్దు బాబూ. చాలా జీపులకి డీజిల్ ఎక్కించారు కాబట్టి అడగాల్సిన మాటే అడిగావు. పెట్రోలు ఇంజన్‌లో కార్బొరేటర్ రేకు అడ్డం ఉండబట్టి మేనిఫోల్డులో వ్యాక్యూం పుడుతుంది. అలాంటి అడ్డం లేని డీజిల్‌లో ఆ వ్యాక్యూం ఉండదు. ఈ వాల్వు దానికి పనికిరాదు. బ్రీదర్ గొట్టం పెద్దదిగా, మడతలు పడకుండా ఉండటమే డీజిల్‌కి కావాల్సింది. దాన్ని ఎయిర్ క్లీనర్ వైపు కలిపినట్టయితే మధ్యలో ఆయిల్ ఆగే డబ్బా తప్పక పెట్టించు, నిండకముందే ఖాళీ చెయ్యి. రింగులు అరిగిన డీజిల్ ఆ గొట్టం గుండా చాంబర్ ఆయిల్‌నే లాక్కొని మండించుకుంటుంది. అప్పుడు తాళం తీసినా, డీజిల్ ఆపినా ఇంజన్ ఆగదు, రేస్ అవుతూనే ఉంటుంది. అలా జరిగితే బానెట్ మీదికి వంగొద్దు. బండి నడుస్తూ ఉంటే పై గేర్‌లో ఉంచి, బ్రేకు గట్టిగా తొక్కి క్లచ్ వదిలి ఆపెయ్యి. నిలబడి ఉన్న బండి అయితే ఎయిర్ క్లీనర్ నోటికి చెక్క పలకో దళసరి రేకో అడ్డం పెట్టి గాలి ఆపాలి. గుడ్డ పెడితే లోపలికి లాక్కుంటుంది, చెయ్యి అసలే పెట్టొద్దు. ఆ పలకని ముందే కోయించి సీటు కింద ఉంచుకో.